కారు టైరు పంచరైతే అతికించాలా, మార్చాలా? గోదావరి రోడ్ల మీద తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

టైరు పంచరైందంటే మనవాళ్ళు ముందు అడిగేది "కన్నం ఎంతుంది?" అని. నేనూ చాలా ఏళ్ళు అదే అడిగాను. కన్నం సైజు చూడాల్సిందే, కాదనను. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గాలి పోయాక ఆ టైరు మీద బండి ఎంత దూరం నడిచింది? టైరు బతుకుతుందా లేదా అన్నది చాలాసార్లు మేకు దిగినప్పుడు కాదు, దిగిన తర్వాత మనం చేసే పనితోనే తేలిపోతుంది.

ఇది నాకు తెలిసొచ్చిన సంగతి చెప్తాను. ఒక వానాకాలం రాత్రి రావులపాలెం నుంచి అమలాపురం వెళ్తున్నాం, కొత్తపేట దాటాక కారు వెనక ఎడమవైపు కుంగినట్టు అనిపించింది. పక్కన కాలవ, వాన, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఇక్కడెందుకు ఆగడం, ముందు ఊళ్ళో ఆగుదాం అని మూడు కిలోమీటర్లు అలాగే నడిపాను. షాపులో చూస్తే రోడ్డుకి ఆనే గ్రిప్పు మధ్యలో అంగుళం పొడవు మేకు, అంతే. టైరు విప్పకుండానే బయటి నుంచి స్ట్రిప్పు, అంటే జిగురు పట్టిన తాడు లాంటి ముక్క, గుచ్చి గాలి కొట్టారు, డబ్బులిచ్చి వచ్చేశాం. ఇరవై రోజుల తర్వాత తాడేపల్లిగూడెం దగ్గర హైవే మీద తొంభైలో వెళ్తుంటే అదే టైరు పక్క భాగం చీలిపోయింది. స్ట్రిప్పు మాత్రం చెక్కుచెదరలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, బ్రేకు జోలికి పోకుండా, మెల్లగా ఎడమకి తీసి ఆపగలిగాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ టైరు విప్పి లోపల చూస్తే నల్లటి రబ్బరు పొడి గుప్పెడు వచ్చింది. అది మొదటి రోజు రాత్రే చచ్చిపోయిన టైరు, మేమే తెలియక ఇరవై రోజులు వాడాం.

ఎందుకలా అవుతుందంటే, కారు బరువు మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. గాలి పోతే టైరు పక్క గోడ రిమ్ముకీ రోడ్డుకీ మధ్య పడి ప్రతి చుట్టుకీ మడతపడుతుంది, లోపలి పొర రాసుకుని పొడి పొడిగా రాలుతుంది, దాని వెనకున్న దారాలు వేడెక్కి బలం పోగొట్టుకుంటాయి. మళ్ళీ గాలి కొడితే బయటి నుంచి అది మామూలు టైరులాగే నిలబడుతుంది. అందుకే ఈ రాసేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: టైరుని రిమ్ము మీంచి దించి లోపల చూడకుండా అతికించాలనో మార్చాలనో ఎవరూ తేల్చలేరు.

ముందు ఆగడం, అదీ సరైన చోట

స్టీరింగు ఒక పక్కకి లాగుతున్నా, వెనక భాగం ఊగుతున్నా, టప్ టప్ మని చప్పుడు వస్తున్నా, డాష్‌బోర్డు మీద టైరు గాలి లైటు వెలిగినా అనుమానించండి. గట్టిగా బ్రేకు వేయకండి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి బండిని దానంతట దాన్నే నెమ్మదించనివ్వండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. కాటన్ దొర కాలంలో, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ డెల్టా అంతా కాలవలే. మన రోడ్లలో చాలా భాగం ఆ కాలవ గట్ల మీద, వాటి పక్కన పెరిగినవే. తారు అంచు దాటితే మెత్తటి నల్ల మట్టి, అది దాటితే నీళ్ళు. వానాకాలంలో ఆ మట్టి మీద చక్రం పెడితే కుంగుతుంది, జాకీ పెడితే ఇంకా కుంగుతుంది. కాబట్టి వెంటనే ఆగాలి అన్నానని గట్టు అంచున ఆపేయకండి. మనిషి నడిచేంత వేగంతో వంద, రెండొందల మీటర్లు ముందుకి పాకించి గట్టి నేల దొరికిన చోట, ఏ రైసుమిల్లు గేటు ముందో, బస్సుస్టాపు దగ్గరో ఆపండి. టైరుకి కొంత నష్టం జరిగితే జరిగింది, మనుషుల కంటే టైరు ఎక్కువ కాదు. నేను వద్దంటున్నది ఆ రెండొందల మీటర్లని కాదు, "ఊళ్ళోకి వెళ్ళిపోదాం" అనే మూడు కిలోమీటర్లని.

వంతెనల మీద మాత్రం, చించినాడ దగ్గర కానీ యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీద కానీ, వీలైతే మెల్లగా అవతలికి దాటేశాకే ఆపండి. చక్రం మార్చడానికి అక్కడ చోటుండదు, వెనక వచ్చే లారీకి మీరు కనపడేసరికి ఆలస్యమైపోతుంది. జాతీయ రహదారి మీద ఇరుక్కుంటే 1033కి ఫోన్ చేయండి, అది హైవే సహాయం నంబరు.

మేకు కనపడితే లాగకండి

చాలామంది చేసే పొరపాటిది. చెయ్యి ఊరుకోదు, లాగేస్తాం. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినచోటే ఉంటే చాలాసార్లు అదే బిరడాలా పనిచేస్తుంది, గాలి చాలా నెమ్మదిగా పోతుంది. దాన్ని అలాగే ఉంచి, చిన్న పంపుతో గాలి నింపుకుని, మధ్యలో ఒకసారి చూసుకుంటూ, నలభై దాటకుండా దగ్గర్లో షాపు దాకా వెళ్ళిపోవచ్చు. గాలి బాగానే నిలబడుతుంటే ఇలా వెళ్ళడం నేను తప్పనను. సిగరెట్ లైటరు పాయింటుకి తగిలించుకునే గాలి పంపు ఒకటి డిక్కీలో ఉంచుకోండి, నా లెక్కలో స్టెప్నీ తర్వాత అంత పనికొచ్చే వస్తువు లేదు.

టైరు రిమ్ముకి ఆనిపోయి ఉంటే మాత్రం అడుగు కూడా నడపొద్దు. స్టెప్నీ వేయండి.

స్టెప్నీ వేయడం

ఈ మాట ఎక్కడిదో తెలుసా, వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉంది, 1904లో అక్కడి డేవిస్ సోదరులు కారుకి తగిలించుకునే అదనపు చక్రం తయారుచేశారు, ఆ వీధి పేరే మన పంచరు షాపుల దాకా వచ్చి మన మాటైపోయింది.

కొత్త కారు ఉన్నవాళ్ళు ముందు డిక్కీ తెరిచి స్టెప్నీ అసలుందో లేదో చూసుకోండి. 2020లో నిబంధనలు మారాక, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే సిస్టమ్, రిపేరు కిట్టు ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు. కొన్నిటికి సన్నటి చిన్న చక్రం ఇస్తారు, దాని మీద సాధారణంగా 80 దాటొద్దని రాసి ఉంటుంది. అది షాపు దాకా వెళ్ళడానికే, హైదరాబాదు వెళ్ళడానికి కాదు.

ఇక పని. అందరినీ దించి కాలవ వైపు కాకుండా రోడ్డుకి దూరంగా నిలబెట్టండి, పిల్లల చెయ్యి పెద్దవాళ్ళు పట్టుకోవాలి. ఎర్ర త్రికోణం బోర్డు కనీసం యాభై మీటర్లు వెనక పెట్టండి, మలుపు ఉంటే మలుపుకి అవతల. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, తీయబోయే చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. బండి నేల మీద ఉండగానే నట్లని సగం చుట్టు వదులు చేయండి, ఎంచేతంటే పైకి లేపాక విప్పబోతే చక్రం తిరిగిపోతుంది, బండి కదిలి జాకీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

జాకీ కింద చెక్క తప్పనిసరిగా పెట్టండి. మాది పాత పెంకుటిల్లు విప్పినప్పుడు దాచిన తాటి దూలం ముక్క, అడుగు పొడవు, రెండంగుళాల మందం, ఎంత బరువైనా కాస్తుంది. ఇటుక పెట్టకండి, బరువు పడేసరికి పగులుతుంది. జాకీ ఎక్కడ ఆనాలో తలుపుల కింద అంచులో గాట్లు ఉంటాయి, అక్కడే పెట్టాలి. టైరు నేలని వదిలిన తర్వాత రెండంగుళాలు లేపితే చాలు. బండి జాకీ మీద ఉండగా దాని కింద చెయ్యీ కాలూ పెట్టకండి.

సముద్రం దగ్గర ఊళ్ళ వాళ్ళకి, అంతర్వేది వైపు కానీ ఓడలరేవు వైపు కానీ ఉండేవాళ్ళకి, ఇంకో తిప్పలుంటుంది. ఉప్పుగాలికి నట్లు తుప్పు పట్టి ఎంతకీ రావు. స్పానరుకి ఇనప గొట్టం తొడిగితే పట్టు పెరుగుతుంది. అసలైతే ఆరు నెలలకోసారి చక్రాలు విప్పించి మళ్ళీ బిగించుకుంటే ఈ అవస్థ రాదు.

స్టెప్నీ ఎక్కించాక నట్లు చేత్తో పట్టించి, బండి దించి, ఒకటి బిగించాక పక్కది కాకుండా ఎదురుది బిగించుకుంటూ రండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్ళీ బిగించి చూసుకోవాలి, ఇది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

అసలు పంచరేనా?

రోజూ కొంచెం కొంచెం గాలి తగ్గుతుంటే తొందరపడి పంచరని తేల్చకండి. మంచి టైరుకి కూడా నెలకి ఒకటో రెండో పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గుతుంది, అది మామూలే. వారానికి మూడు నాలుగు తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టు. గిన్నెలో సబ్బు నీళ్ళు కలిపి ముందు వాల్వు నోటి మీద వేయండి, బుడగ వస్తే లోపలి పిన్ను పోయింది, చాలా తక్కువ ఖర్చుతో అయిపోతుంది. తర్వాత టైరు రిమ్ముతో కలిసే అంచు చుట్టూ పోయండి. మన తీరంలో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బళ్ళకి ఇక్కడే ఎక్కువ కారుతుంది. ఉప్పునీటికి రిమ్ము అంచు తుప్పు పట్టి గరుకు తేలి, రబ్బరు దానికి సరిగ్గా అంటుకోదు. దీనికి టైరు మార్చక్కర్లేదు, టైరు దించి రిమ్ము అంచుని శుభ్రంగా గీకించి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. ఈ రెండూ కాకపోతే అప్పుడు గ్రిప్పు మీద వెతకండి.

కన్నం ఎక్కడుందో చూడండి

టైరుని మూడు భాగాలుగా చూడాలి. రోడ్డుకి ఆనే గ్రిప్పు భాగం, పక్క గోడ, ఆ రెండూ కలిసే భుజం. గ్రిప్పు కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి, అక్కడ టైరు పెద్దగా వంగదు, అందుకే అక్కడ వేసిన అతుకు నిలబడుతుంది. పక్క గోడలో ఆ ఉక్కు పట్టీలు ఉండవు, దారాలే, అది ప్రతి చుట్టుకీ వంగుతూనే ఉండాలి. అక్కడ ఎంత మంచి అతుకు వేసినా వంగి వంగి ఊడుతుంది. భుజం కూడా అంతే, ఆఖరి గాడి దాటి అంచు వైపు మేకు దిగితే మార్చడమే.

గ్రిప్పులో అయితే ఆరు మిల్లీమీటర్ల దాకా ఉన్న కన్నం అతికించవచ్చు, అంటే దాదాపు మామూలు పెన్సిలంత లావు. అది దాటితే ఉక్కు తీగలు ఎక్కువ తెగి ఉంటాయి. మన దగ్గర దిగేవి ఎక్కువగా చిన్నవే, ఇల్లు కట్టే చోట మేకులు, తలుపుల మరలు, లారీల నుంచి రాలిన తీగ ముక్కలు, మట్టి పుంతల్లో తుమ్మముళ్ళు. తుమ్మముల్లు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి, అది లోపల విరిగిపోయి పైకి కనపడదు, నెలల తరబడి సన్నగా గాలి తీస్తుంటుంది. లోపలి వైపు నుంచి చేత్తో తడిమితే గాని తెలియదు, తడిమేటప్పుడు గుడ్డ వాడండి.

ఇక గోతుల సంగతి. వానలప్పుడు నీళ్ళు నిలిచిన గోతిలో చక్రం దబ్బున పడితే ఒక్కోసారి పంచరు కాదు కానీ పక్క గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు వస్తుంది. గాలి ఒక్క పీఎస్ఐ కూడా తగ్గదు కాబట్టి జనం అలాగే తిరిగేస్తుంటారు. ఆ ఉబ్బు అంటే లోపల దారాలు తెగాయని, గాలిని పట్టుకున్నది పైనున్న రబ్బరు ఒక్కటేనని. దయచేసి ఆ టైరుతో హైవే ఎక్కకండి. దానికి మరమ్మతు లేదు.

లోపల చూడడం, ఇది వదలొద్దు

షాపుకి వెళ్ళగానే చెప్పాల్సిన మాట: "టైరు దించి లోపల చూపించండి." చాలా చోట్ల "ఎందుకండీ, స్ట్రిప్పు వేసేస్తే ఐదు నిమిషాల్లో అయిపోద్ది" అంటారు. వాళ్ళని తప్పు పట్టడానికేం లేదు, ఎదురుగా ఇంకో నాలుగు బళ్ళుంటాయి. దించడానికయ్యే డబ్బులు విడిగా ఇస్తానని ముందే చెప్పేయండి. మా వైపు ఒక పెద్దాయన, పాత టైరు చెట్టుకి వేలాడదీసి దాని మీద సున్నంతో "పంచరు" అని రాసుకున్న చిన్న షాపు ఆయనది, గాలి పూర్తిగా పోయి వచ్చిన టైరుని విప్పకుండా ముట్టుకోరు. "లోపల చూడకుండా మాట ఇయ్యలేనండి బాబూ, రేపు మీరు ఫ్యామిలీతో ఎక్కుతారు" అన్నారు ఒకసారి. అప్పట్నుంచి ఆయన దగ్గరికే వెళ్తున్నాను.

దించాక టార్చిలైటు వేసి మీరే చూడండి. లోపలి పొర నున్నగా, ఒకే రంగులో ఉంటే మంచిది. రబ్బరు పొడి కానీ చిన్న చిన్న ఉండలు కానీ రాలితే, పక్క గోడ చుట్టూ గుండ్రంగా ఒక గీతలా నలిగి ఉంటే, వేడికి రంగు మారి ఉంటే, ఎక్కడైనా దారాలు బయటపడితే, ఇక ఆ టైరు గురించి ఆలోచించకండి. కన్నం సూదిమొనంతే ఉన్నా సరే. నా టైరుకి జరిగింది ఇదే.

ఏ అతుకు వేయించాలి

మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు. ఒకటి స్ట్రిప్పు, అంటే జిగురు పట్టిన తాడు లాంటి ముక్కని బయటి నుంచే గుచ్చడం. రెండోది మష్రూమ్, పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది, కాడ కన్నాన్ని పూర్తిగా నింపుతుంది, గొడుగు లోపలి పొరకి అంటుకుంటుంది.

స్ట్రిప్పు తక్కువ ఖర్చు, దారిలో మనమే వేసుకోవచ్చు. మేకుని అది దిగిన కోణంలోనే పటకారుతో లాగి, గరుకు సూదిని అదే కోణంలో పదిసార్లు పైకీ కిందకీ ఆడించి, స్ట్రిప్పుని సూది కన్నంలో సగానికి ఎక్కించి జిగురు రాసి, రెండు చివరలూ కాస్త బయట ఉండేలా గుచ్చి, సూదిని ఒక్క ఊపున లాగేయాలి. బయటి ముక్క రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కోసి, గాలి కొట్టి, సబ్బు నీళ్ళతో చూసుకోవాలి. ఇబ్బంది ఎక్కడంటే, అది కన్నాన్ని మూస్తుంది కానీ లోపలి పొరని మూయదు. నీళ్ళు మెల్లగా ఉక్కు తీగల దాకా చేరితే తుప్పు పడుతుంది, మన తేమలో, మన ఉప్పుగాలిలో అది ఇంకా తొందరగా పడుతుంది. పైగా స్ట్రిప్పు వేసేటప్పుడు ఎవరూ లోపల చూడరు. అందుకని నా పద్ధతి ఇది: స్ట్రిప్పు ఇంటికి చేరడానికి, మష్రూమ్ ఆ తర్వాత వాడుకోవడానికి. ఊళ్ళో నలభైలో తిరిగే బండికి స్ట్రిప్పు ఏళ్ళ తరబడి నిలిచిన సందర్భాలు నేనూ చూశాను, అయినా పెళ్ళాం పిల్లలతో హైవే ఎక్కే టైరుకి నేను మష్రూమే వేయిస్తాను.

మష్రూమ్ వేసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, తొందరపెట్టకండి. కన్నం దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టి, టైరు దించి, కన్నాన్ని డ్రిల్లుతో శుభ్రం చేసి, లోపల చుట్టూ గరుకు చేసి, పొడి తుడిచి, జిగురు రాసి, అది తడిగా కాకుండా వేలికి కాస్త అంటుకునేలా ఆరేదాకా ఆగాలి. ఆ ఆగడమే అసలు కీలకం. తడి జిగురు మీద అతికిస్తే గాలి బుడగలు మిగిలిపోతాయి. తర్వాత కాడని లోపలి నుంచి బయటికి లాగి, గొడుగు మీద చిన్న రోలరుతో మధ్య నుంచి అంచులకి గట్టిగా రుద్దాలి. బయటికి వచ్చిన కాడని గ్రిప్పుకి సమంగా కోసి, టైరు ఎక్కించి, వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం, చేయించండి. చేయించకపోతే ఎనభై దాటాక స్టీరింగు వణకొచ్చు.

ఒకే టైరుకి రెండో, మూడో అతుకులుంటే అవి ఒకదాని మీద ఒకటి పడకూడదు, వాటి మధ్య జానెడు కంటే బాగా ఎక్కువ ఎడం ఉండాలి, నేనైతే మూరెడు చూసుకుంటాను. పాత అతుకు పక్కనే కొత్త కన్నం పడితే మార్చేయడమే మంచిది.

ఇంకో మాట కూడా వినపడుతుంది: "పక్క కోసుకుపోయిందా, ఏం పర్లేదు, లోపల పాత టైరు ముక్క పెట్టి ట్యూబు వేసేస్తాం." ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేస్తే లోపలి గరుకుకి ట్యూబు రాసుకుంటుంది, వేడెక్కుతుంది, పగిలితే గాలి ఒక్కసారిగా పోతుంది. ట్రాక్టరు ట్రాలీకి చేస్తే చేశారు, కారుకి మాత్రం ఒప్పుకోకండి.

టైరులోకి పోసే సీలెంటు ద్రవం ముందుగానే పోసి ఉంటే ఆ సంగతి షాపులో ముందే చెప్పండి, లోపలంతా జిగటగా ఉంటే మష్రూమ్ అంటుకోదు, కడిగి ఆరబెట్టాలి. గాలి చూపించే సెన్సరు కూడా పాడవ్వచ్చు.

అతికించవచ్చు, కానీ అతికించాలా?

ఇక్కడ లెక్క చూసుకోవాలి. కొత్త టైరుకి గాడి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం ప్రకారం 1.6 కంటే తగ్గకూడదు, గాడి అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలు ఉంటాయి, గ్రిప్పు అరిగి వాటితో సమానమైతే ఆ హద్దు వచ్చేసినట్టే. అంటే వాడుకునేది ఆరు మిల్లీమీటర్లే. ఐదు మిగిలిన టైరుకి చిన్న మేకు దిగితే నిశ్చింతగా అతికించండి, సగానికి పైగా జీవితముంది. రెండున్నర మిగిలిన టైరుకి మష్రూమ్ ఖర్చు నాకు దండగ అనిపిస్తుంది. వానలు మొదలవబోతుంటే ఇంకా దండగ, ఎంచేతంటే గాడులు లోతు తగ్గితే నీటిని పక్కకి నెట్టలేవు, రోడ్డు మీద పలచగా నిలిచిన నీళ్ళ మీద టైరు తేలిపోతుంది, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. అందుకే నేను మూడు దగ్గరికి రాగానే మార్చేస్తాను.

వయసు కూడా చూడండి. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. తక్కువ తిరిగే బళ్ళ టైర్లు గ్రిప్పు అరగకుండానే ముసలివైపోతాయి, ఏడాదంతా కొబ్బరి చెట్ల కింద ఆగి ఉండి సంక్రాంతికే బయటికి వచ్చే కార్లు మన ఊళ్ళలో బోలెడు. ఐదేళ్ళు దాటాక ఏటా చూపించుకోవాలి, పక్కన సన్న పగుళ్ళు కనపడితే పంచరు ఖర్చు పెట్టకుండా మార్చాలి. పదేళ్ళు దాటితే ఎంత కొత్తగా కనపడినా తీసేయాలి, డిక్కీలో స్టెప్నీ సహా.

కొత్తది కొనేటప్పుడు

సైజు పాత టైరు మీదే ఉంటుంది, 185/65 ఆర్15 88హెచ్ లాగా. వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు, 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల దాకా మోయగలదని, హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఆ చివరి రెండూ కంపెనీ చెప్పినదానికంటే తక్కువ ఉన్నది కొనకండి. తయారీ తేదీ షాపులోనే చూసి తీసుకోండి, ఏడాది లోపుది అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లులో అది సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

ఒక్కటి పోతే ఒక్కటే కొనాలా? రెండోవైపు టైరు ఇంకా కొత్తదానికి దగ్గరగా ఉంటే ఒక్కటి చాలు. బాగా అరిగి ఉంటే జతగా మార్చండి, ఒకే ఇరుసు మీద ఒకటి కొత్తది ఒకటి అరిగింది ఉంటే తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది. నాలుగు చక్రాలూ తిప్పే బళ్ళకి ఈ తేడా ఇంకా తక్కువ ఉండాలి, బండి మాన్యువల్లో రాసి ఉంటుంది. జతగా కొన్న కొత్తవి వెనక వేయించండి, ముందు చక్రాలు లాగే కారైనా సరే. వింటే వింతగా ఉంటుంది, నేను కూడా షాపులో వాదించాను. కానీ తడిలో ముందు టైర్లు జారితే యాక్సిలరేటరు తగ్గించి సర్దుకోవచ్చు, వెనకవి జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని పట్టుకోవడం మామూలు డ్రైవరు వల్ల కాదు. టైరుతోపాటు రబ్బరు వాల్వు కూడా కొత్తది వేయించండి. బ్యాలెన్సింగ్, వీల్ అలైన్‌మెంటు ఎలాగూ చేయించాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి, కొత్త రబ్బరు మీదుండే నునుపు పోయాకే పూర్తి పట్టు వస్తుంది.

గాలి

అతికించినా మార్చినా గాలి ఎంత కొట్టాలో డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న స్టిక్కరు మీద ఉంటుంది, చాలా కార్లకి 30 నుంచి 35 మధ్య. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠం, అది కొట్టించకండి. పొద్దున్నే, బండి తిరగకముందు చూసుకోవాలి. ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించాలని పాత డ్రైవర్లు చెప్తుంటారు, అది తప్పు. గాలి తక్కువైన టైరు ఎక్కువ వంగి ఎక్కువ వేడెక్కుతుంది. మే నెలలో మధ్యాహ్నం హైవే మీద పేలే టైర్లలో చాలా వాటికి కారణం గాలి తక్కువ ఉండడమే, ఎక్కువ ఉండడం కాదు.

అతుకు వేయించిన మర్నాడు పొద్దున, తర్వాత వారానికి, ఆ టైరులో గాలి కొలిచి ముందురోజు అంకెతో పోల్చుకోండి. రెండు అంకెలూ ఒకటే అయితే స్టెప్నీని తీసి డిక్కీలో పెట్టేసి, దాన్లో కూడా గాలి నింపండి. స్టిక్కరు మీద ఉన్నదానికంటే రెండు మూడు ఎక్కువే కొట్టించండి, మళ్ళీ దాన్ని ఎప్పుడు బయటికి తీస్తామో తెలియదు కదా.